కిరాయి సైన్యాల వ్యాపారం: తరచుగా అడిగే ప్రశ్నలు

అంతర్జాతీయ వ్యవహారాల మీద మాట్లాడడానికి కళాశాలలకు వెళ్ళినప్పుడల్లా, నేను ఏ అంశంతో మొదలుపెట్టినా ప్రశ్నలు చివరికి అమెరికా ప్రైవేటు సైనిక కంపెనీ బ్లాక్‌వాటర్ దగ్గరికో, రష్యాకు చెందిన వాగ్నర్ దగ్గరికో చేరుతున్నాయి. ఉద్యోగమని రష్యాకు వెళ్ళి అక్కడి సైన్యంలో చిక్కుకున్న మన కుర్రవాళ్ళ గురించిన ప్రశ్నలు కూడా 2024 నుంచి వాటికి తోడయ్యాయి. ప్రతిసారీ అవే సందేహాలు వస్తున్నాయి కాబట్టి అన్నింటినీ ఒకచోట చేర్చాను. ప్రశ్నలు అడిగినవాళ్ళ మాటల్లోనే ఉన్నాయి. మీకు కావలసిన చోటి నుంచి మొదలుపెట్టి చదువుకోవచ్చు.

## మొదటి సందేహాలు

కిరాయి సైనికుడికీ ప్రైవేటు సైనిక కాంట్రాక్టరుకీ తేడా ఏమిటి? పేరు మార్చారు, అంతే కదా?

చట్టంలో తేడా ఉంది. జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రొటోకాల్‌లో 47వ అధికరణం కిరాయి సైనికుడికి ఆరు లక్షణాలు చెబుతుంది. పోరాటం కోసమే అతన్ని ప్రత్యేకంగా చేర్చుకుని ఉండాలి. అతను స్వయంగా పోరాడాలి. సొంత లాభం కోసమే వచ్చి, అక్కడి సైనికుల కంటే బాగా ఎక్కువ సొమ్ము పొందాలి. పోరాడుతున్న దేశాలకు పౌరుడు గానీ నివాసి గానీ అయి ఉండకూడదు. ఆ సైన్యాల్లో సభ్యుడై ఉండకూడదు. మరో దేశం అధికారికంగా పంపిన సైనికుడు కూడా కాకూడదు. ఈ ఆరూ ఒకే మనిషిలో కలవాలి, ఒక్కటి తప్పినా అతను కిరాయి సైనికుడు కాడు. అమెరికా యుద్ధంలో ఉన్న రోజుల్లో బాగ్దాద్‌లో అమెరికా అధికారికి కాపలా కాసిన అమెరికన్ గార్డు పౌరసత్వం షరతు దగ్గరే ఈ నిర్వచనం నుంచి తప్పించుకుంటాడు. ఇన్ని కన్నాలున్న వలలో కూడా ఎవడైనా చిక్కితే వాడితో పాటు వాడి వకీలును కూడా కాల్చేయాలని న్యాయశాస్త్ర పండితుల మధ్య ఒక పాత చమత్కారం ఉంది.

ఈ వృత్తిలో ఉన్నవాళ్ళు తమను తాము ‘కాంట్రాక్టర్లు’ అనే చెప్పుకుంటారు. మన ఊళ్ళలో ఆ మాట వింటే రోడ్లూ చెరువు గట్లూ గుర్తొస్తాయి. ఆ పోలిక ఎంతమాత్రం చెడ్డది కాదు. టెండరు, బిల్లు, ఉప గుత్తేదారు అన్నీ ఇక్కడా ఉంటాయి.

వీళ్ళంతా తుపాకులు పట్టుకుని యుద్ధం చేసేవాళ్ళేనా?

కాదు. వీళ్ళలో ఎక్కువమంది వంట చేసేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు, లారీలు తోలేవాళ్ళు, జనరేటర్లు నడిపేవాళ్ళు, విమానాలు మరమ్మతు చేసేవాళ్ళు, దుబాసీలు. ఇరాక్ యుద్ధం ముమ్మరంగా సాగిన రోజుల్లో అమెరికా సైనికులు ఎంతమంది ఉన్నారో కాంట్రాక్టు మనుషులు ఇంచుమించు అంతమంది ఉండేవారు. అందులో ఆయుధం పట్టినవాళ్ళు చిన్న భాగమే. కెమెరాలు ఆ చిన్న భాగం వైపే తిరిగాయి, డబ్బులో అధిక భాగం మాత్రం అన్నం, నీళ్ళు, డీజిల్ సరఫరా చేసిన కేబీఆర్ వంటి కంపెనీలకు చేరింది.

ఇది అమెరికా ఇరాక్‌లో మొదలుపెట్టిన వ్యవహారమే కదా?

అంతకు ముందే ఉంది. ఈ కాలపు కంపెనీ రూపం దక్షిణాఫ్రికాలో తయారైంది. అక్కడి సైన్యంలో పనిచేసిన ఈబెన్ బార్లో 1989లో ఎగ్జిక్యూటివ్ అవుట్‌కమ్స్ అనే సంస్థను స్థాపించాడు. ప్రచ్ఛన్న యుద్ధం ముగియడం, వర్ణవివక్ష పాలన కూలడం దగ్గరదగ్గరగా జరిగాయి. ఆరితేరిన సైనికులు పని లేకుండా మిగిలిపోయారు, సోవియట్ ఆయుధాలు చవకగా దొరికాయి, ఆఫ్రికా ప్రభుత్వాలకు పెద్ద దేశాల అండ తగ్గిపోయింది. సరుకూ గిరాకీ ఒకేసారి సంతకు వచ్చాయన్నమాట. ఆ సంస్థ 1993లో అంగోలాలో, 1995లో సియెర్రా లియోన్‌లో దిగింది. దక్షిణాఫ్రికా 1998లో విదేశీ సైనిక సహాయాన్ని కట్టడి చేస్తూ చట్టం తేవడంతో మూతపడింది.

బ్లాక్‌వాటర్ అమెరికాలోని నార్త్ కరోలినాలో శిక్షణ కేంద్రంగా మొదలైంది. అది ప్రపంచానికి తెలిసింది ఇరాక్‌లోనే.

మన తెలుగు నేలకు దీనితో ఏమైనా సంబంధం ఉందా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం నాకు ఎక్కువ ఇష్టం. కిరాయి సైన్యం బిల్లు కింద జమ అయిన నేల మనది.

1753లో నిజాం సలాబత్ జంగ్ తనకు అండగా నిలిచిన ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం ఖర్చుల కోసం ఉత్తర సర్కారులను రాసిచ్చాడు. బుస్సీ పనిచేసింది ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ కోసం. శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు ప్రాంతాల శిస్తు ఒక వాణిజ్య సంస్థ సిపాయిల జీతాలకు పోయింది. 1798లో హైదరాబాదు నిజాం ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ సైన్యం నిజాం ఖర్చు మీద హైదరాబాదులో ఉంటుందని దాని సారాంశం. 1800లో ఆ ఖర్చుకు బదులుగా బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలను కంపెనీకి శాశ్వతంగా అప్పగించాడు. దత్త మండలాలంటే అవే. రాయలసీమ అన్న పేరు వచ్చేదాకా, అంటే 1928 వరకూ, ఆ బిల్లు పేరుతోనే ఆ సీమను పిలిచారు.

హైదరాబాదులో మూసారాంబాగ్ మీదుగా వెళ్ళే వాళ్ళలో ఎంతమందికి తెలుసో గానీ, ఆ పేరు నిజాం కొలువులో వేల మంది సిపాయిలకు నాయకత్వం వహించిన ఫ్రెంచి కిరాయి సేనాని రేమండ్ మీద వచ్చిందే. మూసా రహీం అన్నది జనం నోట ఆయన పేరు. 1798లో ఆయన చనిపోయిన కొద్ది నెలలకే ఆయన దళాన్ని ఆంగ్లేయులు రద్దు చేయించారు. పోటీ కంపెనీని దారి నుంచి తప్పించడం అప్పుడూ ఉంది.

గూర్ఖాలు కిరాయి సైనికులే కదా?

కాదు. బ్రిటన్, భారత్ సైన్యాల్లో పనిచేసే నేపాలీలు ఆ సైన్యాల్లో అధికారిక సభ్యులు. 1947లో మూడు దేశాల మధ్య కుదిరిన ఒప్పందం ప్రకారం చేరుతూ వచ్చారు.

## ఒప్పందం, డబ్బు

సొంత సైన్యం ఉండగా ప్రభుత్వాలు బయటివాళ్ళను ఎందుకు పెట్టుకుంటాయి?

చవక అని చెబుతారు. కొన్నిసార్లు నిజమే: యుద్ధం అయిపోయాక పింఛను ఇవ్వనక్కరలేదు, వద్దనుకున్న రోజున ఒప్పందం ముగించవచ్చు. అయితే అసలు కారణం లెక్కల పుస్తకంలో కనిపించదని నా అభిప్రాయం. సైనికుడు చనిపోతే జెండా కప్పిన పెట్టె ఊరికి వస్తుంది, పత్రికలో ఫోటో పడుతుంది, పార్లమెంటులో ప్రశ్న వస్తుంది. కాంట్రాక్టరు చనిపోతే బీమా కంపెనీకి దరఖాస్తు వెళుతుంది. 2001 తర్వాతి యుద్ధాల్లో అమెరికా వైపు పనిచేస్తూ చనిపోయిన కాంట్రాక్టర్లు దాదాపు 8,000 మంది అని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకుల అంచనా. చనిపోయిన అమెరికా సైనికులు సుమారు 7,000 మంది. ఈ రెండో అంకె చాలామందికి తెలుసు.

ఖర్చు సంగతికొస్తే, ఇరాక్, అఫ్గానిస్తాన్ కాంట్రాక్టుల మీద అమెరికా కాంగ్రెస్ వేసిన కమిషన్ 2011లో ఇచ్చిన నివేదికలో వృథా, మోసాల వల్ల పోయిన సొమ్ము 31 నుంచి 60 బిలియన్ డాలర్లని తేల్చింది.

ఒక్కో గార్డుకు రోజుకు యాభై వేల రూపాయలు ఇచ్చేవారట, నిజమేనా?

ఆ అంకె నిజమే, అది ఎవరి చేతికి చేరిందన్నది వేరే సంగతి. 2007లో అమెరికా కాంగ్రెస్ కమిటీ బయటపెట్టిన లెక్క ప్రకారం బ్లాక్‌వాటర్ ఇరాక్‌లో ఒక్కో గార్డుకు రోజుకు 1,222 డాలర్ల చొప్పున ప్రభుత్వానికి బిల్లు వేసింది. అప్పటి రేటులో దాదాపు 50 వేల రూపాయలు. అది కంపెనీ వేసిన బిల్లు, గార్డుకు అందింది అందులో కొంత.

పైగా ఆ ధర అమెరికా మాజీ కమాండోలకు. అదే ఇరాక్‌లో స్థావరాల గేట్ల దగ్గర నిలబడిన ఉగాండా గార్డులకు మొదట్లో నెలకు వెయ్యి డాలర్లు ఇచ్చేవారు. కంపెనీలు పోటీపడి టెండర్లు వేసేకొద్దీ అదీ తగ్గిపోయింది. పాస్‌పోర్టు రంగును బట్టి ప్రాణం ధర మారుతుంది. ఈ వ్యాపారంలో భారతీయులను, నేపాలీలను, ఫిలిప్పీన్స్ వాళ్ళను కలిపి ‘మూడో దేశపు మనుషులు’ అని పిలుస్తారు.

డబ్బు లేని పేద దేశాలు వీళ్ళకు ఎలా చెల్లిస్తాయి?

భూమిలో ఉన్నదానితో. నన్నడిగితే ఈ వ్యాపారం గురించి అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే: బిల్లు ఎవరు కడుతున్నారు, దేనితో కడుతున్నారు? తుపాకి ఏ రకందో తర్వాత చూసుకోవచ్చు.

సియెర్రా లియోన్ ప్రభుత్వం 1995లో తిరుగుబాటుదారుల చేతిలో ఓడే స్థితిలో ఉంది. ఎగ్జిక్యూటివ్ అవుట్‌కమ్స్‌కు 21 నెలలకు సుమారు 35 మిలియన్ డాలర్లకు ఒప్పుకుంది, మొత్తం కట్టలేకపోయింది. ఆ సంస్థ మనుషులతో సంబంధాలున్న మరో కంపెనీకి కోయిడు వజ్రాల తవ్వకం హక్కులు దక్కాయి. రెండు కంపెనీలూ వేర్వేరని వాటి యజమానులు వాదించారు.

వాగ్నర్ ఈ పద్ధతికి మెరుగులు దిద్దింది. సిరియాలో ఐసిస్ నుంచి విడిపించిన చమురు, గ్యాసు క్షేత్రాల ఉత్పత్తిలో నాలుగో వంతు వాగ్నర్ అధిపతి ప్రిగోజిన్‌తో ముడిపడిన ఒక కంపెనీకి దక్కేలా ఒప్పందం కుదిరిందని రష్యా పత్రికలే బయటపెట్టాయి. మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో అదే వరసలో ఎన్‌దస్సిమా బంగారు గని వచ్చింది.

జీతం బత్తెం లేకుండా తోడేలు మేకలు కాస్తానన్నదని మన సామెత. కాపలాకు తక్కువ ధర చెప్పే కంపెనీ మంద వైపు ఎందుకు చూస్తోందో ముందు కనుక్కోవాలి.

ప్రభుత్వం ఒప్పందం చేసుకున్నాక సొంత సైన్యమే ఒప్పుకోకపోతే ఏమవుతుంది?

పాపువా న్యూ గినీలో 1997లో అదే జరిగింది. బోగన్‌విల్ దీవిలో తిరుగుబాటును అణచి, పంగునా రాగి గనిని మళ్ళీ చేజిక్కించుకోవడానికి ప్రధాని జూలియస్ చాన్ బ్రిటన్‌కు చెందిన శాండ్‌లైన్ సంస్థతో 36 మిలియన్ డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నాడు. సొంత సైనికులకు సరైన బూట్లు కూడా లేని దేశంలో పరాయివాళ్ళకు అంత సొమ్మా అని సైన్యాధిపతి జెర్రీ సింగిరోక్ ఎదురుతిరిగాడు. శాండ్‌లైన్ మనుషులను నిర్బంధించారు, జనం వీధుల్లోకి వచ్చారు, ప్రధాని పక్కకు తప్పుకున్నాడు. ఒక్క తూటా పేలకముందే ఒప్పందం ముగిసింది. చిత్రమేమిటంటే, ఆ తర్వాత కంపెనీ మిగతా సొమ్ము కోసం మధ్యవర్తిత్వానికి వెళ్ళి గెలిచింది.

## రంగంలోకి దిగాక

వీళ్ళు నిజంగా యుద్ధాలు గెలిపించగలరా?

కొన్ని గెలిపించారు. సియెర్రా లియోన్‌లో కొద్ది వందల మందితో, హెలికాప్టర్లతో రాజధాని చుట్టూ ఉన్న తిరుగుబాటుదారులను తరిమి వజ్రాల క్షేత్రాలను స్వాధీనం చేసుకున్నారు. 1997 జనవరిలో వాళ్ళు వెళ్ళిపోయారు. మే నెలలో సైనిక కుట్ర జరిగి ప్రభుత్వం కూలింది. ఆ మధ్య కాలంలో దేశానికి సొంత సైన్యం తయారుకాలేదు.

ఓటములు కూడా ఉన్నాయి. 2019లో మొజాంబిక్ ఉత్తర ప్రాంతంలో దిగిన వాగ్నర్ కొద్ది నెలలకే దెబ్బతిని వెనక్కి తగ్గింది. 2024 జూలైలో మాలీ ఎడారిలో తిన్జావాతెన్ దగ్గర పదుల సంఖ్యలో మనుషులను పోగొట్టుకుంది.

వాగ్నర్ ప్రైవేటు కంపెనీయా, రష్యా ప్రభుత్వమా?

లాభం వచ్చినప్పుడు కంపెనీ, అవసరం వచ్చినప్పుడు ప్రభుత్వం, తప్పు జరిగినప్పుడు ఎవరికీ తెలియదు. రష్యా శిక్షాస్మృతి 359వ అధికరణం ప్రకారం కిరాయి సైనిక వృత్తి నేరం. అయినా 2014 నుంచి ఉక్రెయిన్, సిరియా, లిబియా, ఆఫ్రికా దేశాల్లో వాగ్నర్ పనిచేస్తూనే వచ్చింది.

2018 ఫిబ్రవరి 7న సిరియాలోని ఖషామ్ దగ్గర అమెరికా సైనికులున్న స్థావరం మీదికి ఒక దళం వచ్చింది. మీవాళ్ళేనా అని అమెరికన్లు రష్యా సైన్యాన్ని ఫోనులో అడిగారు. మావాళ్ళు కారని జవాబు వచ్చింది. అమెరికా విమానాలు ఆ దళాన్ని తుడిచిపెట్టాయి. చచ్చిపోయినవాళ్ళలో వాగ్నర్ మనుషులున్నారు. ‘మావాళ్ళు కారు’ అనగలిగే వెసులుబాటు కోసమే ఆ కంపెనీ ఉంది, ఆ రాత్రి అదే మాట దాని మనుషులకు మరణశాసనం అయింది.

2022లో ప్రిగోజిన్ జైళ్ళకు వెళ్ళి, ఆరు నెలలు పోరాడి బతికితే క్షమాభిక్ష అని ఖైదీలను చేర్చుకున్నాడు. ఉక్రెయిన్‌లోని బఖ్‌ముత్‌లో తన మనుషులు 20 వేల మంది చనిపోయారని తర్వాత తనే చెప్పాడు. 2023 జూన్‌లో తన దళాలను మాస్కో వైపు నడిపించి, ఒక్క రోజులో ఆగిపోయాడు. ఆ వెంటనే పుతిన్ స్వయంగా చెప్పిన లెక్క: 2022 మే నుంచి ఏడాదిలో వాగ్నర్‌కు ప్రభుత్వం ఇచ్చింది 86 బిలియన్ రూబుళ్ళు. ఆగస్టు 23న ప్రిగోజిన్ విమానం కూలింది. ఆఫ్రికాలోని పని చాలావరకు రక్షణ శాఖ కింద ఆఫ్రికా కోర్ అనే పేరుతో సాగుతోంది.

ఒకే పనికి ఇంతమంది సబ్ కాంట్రాక్టర్లు ఎందుకు?

ప్రతి మెట్టు దగ్గరా కొంత లాభం మిగులుతుంది, కొంత బాధ్యత జారిపోతుంది. 2004 మార్చి 31న ఇరాక్‌లోని ఫలూజాలో నలుగురు బ్లాక్‌వాటర్ మనుషులను చంపి, శవాలను వంతెనకు వేలాడదీశారు. ఆ ఫోటోలు ప్రపంచమంతా చూసింది. వాళ్ళు ఆ రోజు ఏ సేనానికీ కాపలా వెళ్ళలేదు. ఒక భోజన సరఫరా కంపెనీ వంట సామగ్రి తేవడానికి పంపిన లారీలకు తోడు వెళ్ళారు. బ్లాక్‌వాటర్‌కూ అమెరికా సైన్యానికీ మధ్య మరికొన్ని కంపెనీలు ఉన్నాయి. ఆ పని అసలు ఎవరి ఒప్పందం కిందికి వస్తుందో తేల్చడానికే కాంగ్రెస్ కమిటీకి చాలా కాలం పట్టింది.

కాంట్రాక్టర్లు ఒక్కసారిగా వెళ్ళిపోతే సైన్యానికి ఏమవుతుంది?

అఫ్గానిస్తాన్ చూడండి. 2020 ఫిబ్రవరి 29న అమెరికా తాలిబాన్లతో చేసుకున్న దోహా ఒప్పందంలో అమెరికా సైనికులతో పాటు కాంట్రాక్టర్లు కూడా వెళ్ళిపోవాలని స్పష్టంగా రాసి ఉంది. అఫ్గాన్ వైమానిక దళం మరమ్మతులు చాలావరకు ఆ కాంట్రాక్టర్ల చేతిలోనే ఉండేవి. వాళ్ళు వెళ్ళాక విమానాలు ఒక్కొక్కటిగా నేల మీద ఆగిపోయాయి. 2021 ఆగస్టులో కాబూల్ పడిపోయింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి, ఇది వాటిలో చిన్నది కాదు.

## తప్పు జరిగితే

బాగ్దాద్‌లో జనాన్ని కాల్చిన బ్లాక్‌వాటర్ వాళ్ళకు శిక్ష పడిందా?

పడింది, తర్వాత పోయింది. 2007 సెప్టెంబరు 16న నిసూర్ కూడలిలో బ్లాక్‌వాటర్ గార్డులు కాల్పులు జరిపి 17 మంది ఇరాకీ పౌరులను చంపారు. ఇరాక్ కోర్టులు వాళ్ళను విచారించలేకపోయాయి. 2004 జూన్ 27న, ఇరాకీలకు అధికారం అప్పగించడానికి ఒక్క రోజు ముందు, ఇరాక్‌లో అమెరికా నియమించిన పాలకుడు పాల్ బ్రెమర్ సంతకం చేసిన 17వ ఉత్తర్వు విదేశీ కాంట్రాక్టర్లకు స్థానిక చట్టం నుంచి మినహాయింపు ఇచ్చింది. అమెరికాలో కేసు ఒకసారి కొట్టేశారు, మళ్ళీ తెరిచారు. 2014లో నలుగురిని దోషులుగా తేల్చారు. 2020 డిసెంబరులో అధ్యక్షుడు ట్రంప్ నలుగురికీ క్షమాభిక్ష పెట్టాడు.

కంపెనీ అప్పటికే పేరు రెండుసార్లు మార్చుకుంది, 2009లో జీ, 2011లో అకాడెమీ.

అంతర్జాతీయ చట్టం దీన్ని నిషేధించలేదా?

కిరాయి సైనికులకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి 1989లో ఒప్పందం తెచ్చింది. అది అమల్లోకి రావడానికి 2001 వరకు పట్టింది. అమెరికా, రష్యా, బ్రిటన్ అందులో చేరలేదు. 2008లో స్విట్జర్లాండ్ చొరవతో 17 దేశాలు ప్రైవేటు సైనిక కంపెనీల మీద మాంట్రూ పత్రానికి ఒప్పుకున్నాయి. అది ఉన్న చట్టాలనే గుర్తుచేసి మంచి పద్ధతులు చెబుతుంది, శిక్షలు వేయదు.

బాధితులు కంపెనీ మీద కేసు వేసి గెలవగలరా?

గెలిచారు, ఓపిక ఉంటే. ఇరాక్‌లో అమెరికా సైన్యం నడిపిన అబూ గ్రైబ్ జైలులో హింసకు గురైన ముగ్గురు ఇరాకీలు అక్కడ విచారణాధికారులను సరఫరా చేసిన సీఏసీఐ సంస్థ మీద 2008లో అమెరికా కోర్టుకు వెళ్ళారు. 2024 నవంబరులో జ్యూరీ 42 మిలియన్ డాలర్ల పరిహారం ఇవ్వాలంది. మధ్యలో గడిచినవి పదహారేళ్ళు.

## మన దేశం, మన వాళ్ళు

భారత్‌లో ఇలాంటి కంపెనీ పెట్టవచ్చా?

కాపలా కంపెనీ పెట్టవచ్చు, సైన్యం పెట్టకూడదు. 2005 నాటి ప్రైవేటు భద్రతా సంస్థల నియంత్రణ చట్టం ప్రకారం లైసెన్సు తీసుకోవాలి. విదేశంలో భద్రత కల్పించాలంటే విడిగా అనుమతి కావాలి, దానికి ముందు కేంద్రాన్ని సంప్రదించాలి.

మన తీరానికి ఈ వ్యాపారం ఒకసారి తనంతట తానే వచ్చింది. 2013 అక్టోబరులో సీమన్ గార్డ్ ఓహియో అనే నౌకను తూత్తుకుడి దగ్గర పట్టుకున్నారు. అది సముద్రపు దొంగల నుంచి ఓడలను కాపాడే అమెరికా కంపెనీది. అందులో 35 తుపాకులు, 35 మంది మనుషులు ఉన్నారు. భారతీయులు, బ్రిటన్, ఎస్టోనియా, ఉక్రెయిన్ వాళ్ళు. 2016లో కింది కోర్టు అయిదేళ్ళ శిక్ష వేసింది, 2017లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం అందరినీ విడుదల చేసింది. నాలుగేళ్ళు గడిచిపోయాయి.

రష్యా సైన్యంలో చిక్కుకున్న మన వాళ్ళు కిరాయి సైనికులా?

ఆ మాట వాళ్ళకు అన్యాయం. సహాయకుడి పని, కాపలా పని అని ఏజెంట్లు చెప్పిన మాటలు నమ్మి వెళ్ళినవాళ్ళు చాలామంది. అక్కడ చదవలేని భాషలో ఉన్న కాగితం మీద సంతకం చేశారు. ఆ కాగితం రష్యా సైన్యంలో చేరిక, ప్రైవేటు కంపెనీ ఒప్పందం కాదు. వాళ్ళలో తెలంగాణ యువకులున్నారు, హైదరాబాదు యువకుడు ఒకరు చనిపోయారు. 2024 మార్చిలో సీబీఐ ఏజెంట్ల మీద కేసు పెట్టింది. అదే ఏడాది జూలైలో ప్రధాని మాస్కోలో ఈ విషయం లేవనెత్తారు. 2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పిన లెక్క: మొత్తం 126 మంది, తిరిగి వచ్చినవాళ్ళు 96, చనిపోయినవాళ్ళు 12, ఆచూకీ లేనివాళ్ళు 16.

మా తమ్ముడికి విదేశంలో సెక్యూరిటీ ఉద్యోగమని ఏజెంటు చెబుతున్నాడు. ఏం చూడాలి?

వీసా ఏ రకమో చూడండి. ఉద్యోగానికని చెప్పి సందర్శకుడి వీసా చేతిలో పెడితే అక్కడితో ఆగండి. ఏజెంటుకు 1983 నాటి వలసల చట్టం కింద నమోదు ఉందో లేదో విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. ఒప్పందం ప్రతి ఇక్కడే, మీకు అర్థమయ్యే భాషలో అడగండి. యజమాని పేరు, పనిచేసే ఊరు అందులో ఉండాలి. ‘అక్కడికి వెళ్ళాక ఇస్తారు’ అంటే ఇవ్వరని అర్థం. పాస్‌పోర్టు ఎవరికీ అప్పగించవద్దని చెప్పండి. కొద్ది నెలలు పనిచేస్తే ఆ దేశపు పౌరసత్వం అని ఎర వేస్తే, అంత బహుమతి ఇచ్చే కాపలా పని ఎలాంటిదో ఇంట్లో అందరూ కూర్చుని ఒకసారి ఆలోచించండి.

అమెరికా స్థావరంలో వంటవాడిగా పనిచేస్తూ చనిపోయినవాళ్ళ కుటుంబానికి ఏమైనా వస్తుందా?

వస్తుంది, చాలామందికి ఆ సంగతి తెలియక పోగొట్టుకున్నారు. 1941 నాటి డిఫెన్స్ బేస్ చట్టం ప్రకారం విదేశాల్లో అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టుల మీద పనిచేసేవాళ్ళకు యజమాని బీమా చేయించాలి. ఏ దేశం వాళ్ళయినా, ఉప గుత్తేదారు కింద ఉన్నా ఇది వర్తిస్తుంది. గాయపడితే వైద్యం, జీతంలో భాగం, చనిపోతే భార్యాపిల్లలకు పరిహారం. ఒక మెలిక ఉంది: అమెరికాలో నివసించని విదేశీయులకు నెలనెలా రావలసినదాన్ని లెక్కగట్టి, అందులో సగం ఒకేసారి ఇచ్చి చేతులు దులుపుకునే వీలు బీమా కంపెనీకి చట్టమే ఇచ్చింది. దరఖాస్తు అమెరికా కార్మిక శాఖకు చేరాలి, మామూలుగా ఏడాది గడువు ఉంటుంది. కంపెనీ పేరు, కాంట్రాక్టు కాగితం, గుర్తింపు కార్డు ఫోటో ఇంట్లో ఒక ప్రతి ఉంచమని వెళ్ళే ముందే చెప్పండి. స్థావరం పేరు కూడా రాసిపెట్టుకోండి. చాలా కుటుంబాల దగ్గర ఉండేది ఏజెంటు ఫోను నంబరు ఒక్కటే, అవసరం పడే నాటికి అది పనిచేయదు.